వన్యమృగములకు వైద్యము ధర్మమా?

భగవదర్చనకు తగిన అష్టపుష్పములలో అహింస మొదటిది, ఇంద్రియనిగ్రహము రెండవది, సర్వభూతదయ మూడవది. ఈ మూడవ పుష్పమును గూర్చి మాత్రము ప్రతి కాలమునందును క్రొత్త సందేహములు పుట్టుచునే యుండును. ఇంటి ఆవునకు జబ్బు చేసినప్పుడు మందు పోయుట ధర్మమని పసిబాలుడును చెప్పగలడు. అడవిలో తిరుగు దుప్పికి కడుపులో నట్టలు పడినచో దానికిని మందు పెట్టవలెనా? పెట్టగలిగి యుండియు ఊరకుండుట నిర్దయ యగునా? పెట్టుట అనధికార చేష్ట యగునా?

ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. అమెరికా దేశమున కొందరు భూస్వాములు తమ భూములలో తిరుగు అడవి దుప్పులకు నట్టల మందు కలిపిన మొక్కజొన్నలను, దాణా దిమ్మెలను పెట్టుచున్నారు. దానివలన మృగములు ఆరోగ్యముగా నుండుననియు, మగవాని కొమ్ములు విశాలముగా పెరుగుననియు చెప్పుకొనుచున్నారు. ఆరోగ్యము, కొమ్ము అను ఈ రెండు మాటలు జంటగా వచ్చుటయందే విచారింపవలసిన సంగతి యున్నది.

ముందుగా కొమ్ము స్వరూపమును తెలిసికొనవలెను. సోమయాగమున దీక్షితుడు గోళ్లతో గోకికొనరాదు గనుక కృష్ణవిషాణమును, అనగా కృష్ణజింక కొమ్మును, చేత ధరించును. ఆ కొమ్ము ఆవు కొమ్ము వంటిదే. లోపల ఎముక, పైన గోరువంటి తొడుగు. బ్రతికినంత కాలము ఊడదు. చుక్కల దుప్పి, కణుజు మొదలగు వాని కొమ్ము జాతి వేఱు. అది కేవలము ఎముక. శాఖలుగా చీలును. రాలిపోయి మరల మొలచును. మొలచునప్పుడు దానిపై మఖమలు వంటి మెత్తని చర్మమును, అందు నెత్తురు నాళములును ఉండును. పెద్ద జాతులలో దినమునకు సుమారు 2 సెంటీమీటర్ల వఱకు పెరుగు రోజులు కలవు. జంతుశరీరములలో ఇంత వేగముగా పెరుగు ఎముక మఱియొకటి లేదు. అంత ఎముకకు కావలసిన సున్నపు ధాతువు మేతలో చాలనప్పుడు మృగము తన ప్రక్కటెముకలనుండియే తీసి కొమ్మునకు పెట్టును. కొమ్ము గట్టిపడిన పిదప చర్మము ఎండి చినుగును. చెట్లకు రాచి దానిని వదలించుకొనును. జతకట్టు కాలము గడచిన తరువాత కొమ్ము మొదలు సడలి నేల రాలును. ఈ అలంకారము మగవానికే. ధ్రువప్రాంతపు రెయిన్‌డీర్ ఒక్కటే ఈ నియమమునకు లొంగదు, అందు ఆడుదానికిని కొమ్ములుండును. అడవిలో రాలిన కొమ్మును ఏదుపందులు కొరికి తినును. దుప్పులును నమలి, తాము పోగొట్టుకొన్న సున్నమును కొంత మరల రాబట్టుకొనును.

కొమ్ము పెద్దదగుటకు వయస్సు, మేత, వంశము అను మూడును కారణములు. శరీరము మొదట తన ప్రాణమును నిలుపుకొనును, ఆ పిమ్మట మిగిలినదానిని కొమ్మునకు వెచ్చించును. నట్టలు ఈ మిగులునే హరించును. నెమరువేయు జంతువుల నాల్గవ కడుపులో కాపురముండు ఒక జాతి నట్ట నెత్తురు త్రాగి బ్రతుకును. ఎఱ్ఱని ప్రేగు, తెల్లని గర్భనాళము పెనవేసికొని త్రాటివలె కనబడును. మన గొఱ్ఱెల కాపరులకు దానిని గూర్చి ఎవరును చెప్పనక్కఱలేదు. కనుఱెప్ప లోపలి భాగము పాలిపోవుట, దవడ క్రింద నీరు దిగుట చూచియే వారు మందునకు పోవుదురు. కావున నట్టలు తొలగినచో మృగము పుష్టి నొందును, పుష్టి కలిగినచో కొమ్ము పెరుగును అను తర్కము అసంగతము కాదు.

కంచెలో పెంచు మృగముల విషయమున అనుభవము కూడ దీనికి అనుకూలముగానే యున్నది. న్యూజిలాండు దేశమున 1970 ప్రాంతమునుండి ఎఱ్ఱదుప్పులను పశువులవలె పెంచుచున్నారు. అచట ఊపిరితిత్తులలో చేరు నట్టలు పిల్లలను కృశింపజేయును, చంపును. మందు లేనిదే మంద నిలువదు. ఇక స్వేచ్ఛగా తిరుగు మృగముల సంగతికి వచ్చినచో, నార్వే దేశమునకు ఉత్తరమున ధ్రువసముద్రములోనున్న స్వాల్బార్డ్ ద్వీపములలో చేసిన పరీక్ష ప్రసిద్ధమైనది. ఆరేండ్లపాటు కొన్ని ఆడు రెయిన్‌డీర్‌లను పట్టి నట్టల మందు ఇచ్చి విడిచిరి. కొన్నిటిని మందు లేకయే విడిచిరి. 2002లో ఫలితములను ప్రకటించిరి. మందు తిన్నవి చలికాలపు చివరను బరువుగా నుండెను, వెన్నుపై క్రొవ్వు ఎక్కువగా నుండెను, ఎక్కువ పిల్లలను కనెను. చావు మాత్రము తగ్గినట్లు కనబడలేదు. నట్ట ఆ మృగమును చంపుట లేదు. దాని సంతతిని మితముగా నుంచుచున్నది. మంద పెరిగిన కొలది కొంత కాలమునకు నట్టలును పెరుగును, అప్పుడు కాన్పులు తగ్గును. తోడేళ్లు లేని ఆ ద్వీపములలో మేతకును మందకును నడుమ పొందిక కుదుర్చు వానిలో ఈ సూక్ష్మజీవి యొకటియని తేలినది. ఈ సంగతిని మనస్సున నుంచుకొని ప్రధానప్రశ్నకు రావలెను.

పూర్వపక్షమిది: "దయకు ఊరి పొలిమేర యేమి? ఆవు బాధ బాధయే, దుప్పి బాధ బాధయే. మందు చౌకగా దొరకుచున్నది. మందు పెట్టువాని మనస్సున కొమ్ముపై ఆశయున్నను, కడుపులో పురుగు తొలగి సుఖపడునది దుప్పియే గదా? దాత మనస్సు ఎట్టిదైనను ఆకలిగొన్నవానికి అన్నము అన్నమే." ఇది త్రోసివేయదగిన మాట కాదు. శాస్త్రములు చదివినవారు కొందరు ఇట్టి ప్రశ్నకు "అది వాని కర్మ" యని చెప్పి తప్పించుకొందురు. అట్టి సమాధానము సమాధానము కాదు. ఎదుటివాని కర్మను తన సోమరితనమునకు సాకుగా వాడుకొనవచ్చునని ఏ శాస్త్రమును చెప్పలేదు.

అయినను కొమ్ముపై ఆశ యను దానిని తేలికగా విడువరాదు. ఆ దేశమున 1887లో స్థాపింపబడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు అను వేటగాండ్ర సంఘము కొమ్ములను అంగుళముల లెక్కను కొలిచి గణించు పద్ధతి నేర్పరచినది. (ఆ సంఘమువారు వేటలోను న్యాయము పాటింపవలెనని మొదటినుండి చెప్పుచున్నవారే, వారిని నిందించుట ఇచటి ఉద్దేశము కాదు.) ఎక్కువ అంగుళములున్న కొమ్మునకు ఎక్కువ గౌరవము. వసంతమున మందు పెట్టినవాడే శరత్తున అదే మృగమును తుపాకితో కొట్టి, దాని తలను గోడకు తగిలించుకొనును. జాతరకు మేపు పొట్టేలునకు పచ్చగడ్డి పెట్టువానిని ఊరిలో ఎవరును దయాళువని పిలువరు. పొట్టేలు గడ్డి తిని సుఖించుట నిజమే; ఆ సుఖము దయయొక్క ఫలము కాదు, వెలయొక్క భాగము. ఇంతకన్న మేలైన ఉదాహరణము టెక్సాసు దక్షిణభాగమున కలదు. పశువులకు జ్వరము తెచ్చు పిడుదులను దుప్పులు మోయుచున్నవని, వానికి ఐవర్‌మెక్టిన్ కలిపిన మొక్కజొన్నలు పెట్టుదురు. మాంసములో మందు మిగులకుండుటకై వేటకాలమునకు ముందే ఆపుదురు. మందు దుప్పికి, రక్షణ ఆవునకు. అయినను అందు కపటము లేదు. చేయువారు తాము చేయునది ఇదియే యని చెప్పియే చేయుచున్నారు.

ఇక కొమ్ముపై ఏ ఆశయు లేని శుద్ధహృదయుని మాట యేమి? అతనికై భాగవత పంచమస్కంధమున భరతుని కథ యున్నది. తెలుగు భాగవతమున ఈ స్కంధమును పోతన కాక గంగన రచించెను. ఈ కథ మాత్రము తెలియని తెలుగు ఇల్లు లేదు. రాజ్యమును విడిచి నదీతీరమున తపస్సు చేయుచున్న భరతుడు, సింహగర్జనకు బెదరి యేఱు దుమికిన లేడి గర్భమునుండి జారి నీటపడిన పిల్లను చూచెను. చేతులతో ఎత్తి తెచ్చెను. తల్లి చచ్చెను. ఇంతవఱకు కథలో దోషమేమియు లేదు. ఆ పిల్లను నీటిలో వదలి జపము కొనసాగించి యుండినచో ఆ జపమును ఎవరు మెత్తురు? ఆ తరువాత పిల్ల పెరిగెను. అతడు గడ్డి తెచ్చెను, తోడేళ్లనుండి కాచెను, ఒడిలో నిద్రపుచ్చెను. అనుష్ఠానము ఒక్కొక్కటిగా జాఱిపోయెను. అది అడవికి పోయి కొంత ఆలసించినచో ఇతనికి ప్రాణము నిలువదయ్యెను. చివరకు దానినే తలచుచు మరణించి లేడియై పుట్టెను. కథకులు దీనిని సంగదోషమునకు దృష్టాంతముగా చెప్పుదురు, అది యుక్తమే. లేడి పక్షమునుండి కూడ ఒకమాఱు చూడవలెను. అడవిలో పుట్టవలసిన ప్రాణి ఆశ్రమములో పెంపుడు ప్రాణి యయ్యెను. తన కాపరి మరణించిన నాడు అది అతని ప్రక్కనే నిలిచి యుండెనని పురాణము చెప్పుచున్నది. ఆ మీద దాని గతి యేమయ్యెనో చెప్పలేదు.

ఎత్తుట యొకటి, ఉంచుకొనుట మఱియొకటి. ఏటేట మందు మేత పెట్టుట రెండవదాని వంటిది. ఒక్క దినముతో ముగియదు. నేడు మందు తిన్న దుప్పి రేపు మేయు గడ్డిపై మరల అవే నట్టల పిల్లలుండును. పేడతో నేలబడిన గ్రుడ్లు తేమలో పొదిగి గడ్డి కొనల కెక్కును, గడ్డితో మరల కడుపు చేరును. అందుచేత మందు ఆగరాదు. ఆగనిచో అడవి యొక పెద్ద కొట్టమగును.

ఈ సందర్భమున చరకుని విమానస్థానము చూచువారికి ఆశ్చర్యము కలుగును. క్రిములు ఇరువది రకములని లెక్కించుచు ఆయన సహజక్రిములను ఆ లెక్కనుండి వేఱుచేసెను. దేహముతో కూడ పుట్టి, రోగము కలిగింపక యుండునవి సహజములని వ్యాఖ్యాతలు వివరించిరి. కడుపులో పురుగు కనబడినంత మాత్రమున అది శత్రువు కాదని అంత పూర్వమే మన వైద్యులకు తోచినది. చికిత్స కూడ మూడు విధములుగా చెప్పెను: క్రిమిని లాగివేయుట అపకర్షణము, అది బ్రతుకు పరిస్థితిని చెఱచుట ప్రకృతివిఘాతము, అది కలుగుటకైన హేతువును వదలుట నిదానపరివర్జనము. ఈ మూడవదానిని వదలి మొదటి రెంటినే పట్టుకొనువాడు ఇల్లు కారుచుండగా నేల తుడుచువాని వంటివాడు.

అడవి దుప్పికి నట్టలు పెరుగుటకు హేతువేమి? ఇఱుకు. తక్కువ నేలపై ఎక్కువ మంద. అమెరికా ఆగ్నేయభాగమున దుప్పి నాల్గవ కడుపులోని నట్టలను లెక్కించి, ఆ నేలపై మంద మితిమీఱినదో లేదో చెప్పు పద్ధతినే పరిశోధకులు ఏర్పరచిరి. నట్టలు రోగము మాత్రమే కావు, రోగమును తెలుపు నాడి కూడ. అట్టి స్థితిలో మొక్కజొన్నల తొట్టి పెట్టినచో ఏమగును? అడవి యంతట చెదరి మేయు మృగములు ఒకచోట గుమిగూడును. పేడ అక్కడనే పడును, నట్టల గ్రుడ్లు అక్కడనే చేరును. బలిసిన మగది కడుపునిండ తినును. నిజముగా నట్టలు బాధించు బక్కదానికి రెండు గింజలు దక్కవు. మందు మోతాదు మృగము బరువును బట్టి యుండవలెను, తొట్టియొద్ద తూచువాడెవడు? చాలని మోతాదు తగిలిన నట్టలలో చావక మిగిలినవి మందునకు లొంగని సంతతిని కనును. 1967లో కొలరాడో రాష్ట్రమున మొదట గుర్తింపబడిన ఒక మెదడు క్షయవ్యాధి ఇప్పుడు ఆ దేశమున దుప్పులలో వ్యాపించినది. దానికి మందు లేదు, ఉమ్మిచేతను మూత్రముచేతను పేడచేతను అంటును. ఆ వ్యాధి కనబడిన అనేక ప్రాంతములలో దుప్పులకు మేత పెట్టుటనే నిషేధించిరి. ఐవర్‌మెక్టిన్ యొక్క శేషము పేడలో మిగిలి, పేడను మన్నుగా మార్చు పురుగుల పిల్లలను చంపునని 1987లోనే పరిశోధకులు చూపిరి. ఇదే మందు మనుష్యులలో నదీతీరపు అంధత్వమును వారించి లక్షలమందికి చూపు నిలిపినది. దానిని కనుగొన్నవారికి 2015లో నోబెలు బహుమానము వచ్చినది. మందులో దోషము లేదు. చోటు ఎఱుగక పెట్టుటయందు దోషము.

మంద హద్దు మీఱినచో ఏమగునో చూపుటకు సెయింట్ మాథ్యూ ద్వీపపు కథ చాలును. అది అలాస్కాకు పడమట బేరింగు సముద్రములోని నిర్జన ద్వీపము. 1944లో యుద్ధకాలమున అచట కావలియున్నవారికి ఆపత్కాలమున ఆహారముగా నుండునని 29 రెయిన్‌డీర్‌లను దింపిరి. యుద్ధము ముగిసినది, మనుష్యులు వెళ్లిపోయిరి, మృగములు మిగిలినవి. తోడేళ్లు లేవు, వేటగాడు లేడు, నేలనిండ పాచిమేత. 1957 నాటికి అవి 1350 అయ్యెను; 1963 నాటికి 6000. పాచి నేలమట్టమయ్యెను, మృగముల బరువు తగ్గెను. ఆ చలికాలపు మంచులో మంద కూలినది. 1966లో లెక్కించినప్పుడు 42 మాత్రము ఉండెను. వానిలో మగది యొక్కటే; దాని కొమ్ములు వికృతములు. పిల్ల యొక్కటియు లేదు. కొన్ని సంవత్సరములకు ఆ ద్వీపమున రెయిన్‌డీర్ అనునదే లేకపోయెను. ఆ మృగములను చంపినది నట్ట కాదు. ఏ అడ్డును లేని క్షేమమే చంపినది. స్వాల్బార్డ్ నట్ట చేయు పనిని ఈ కథతో కలిపి చూచినచో, అడవిలో ఒక్క బాధను తీసివేయుట ఎంత బరువైన పనియో బోధపడును.

మఱి మనుష్యునికి ఏ కర్తవ్యమును లేదా? కలదు. పూర్వులు పశువులను గ్రామ్యములని, ఆరణ్యములని రెండు తెగలుగా చెప్పిరి. అశ్వమేధమున గ్రామ్యపశువులను యూపములకు కట్టుదురు. ఆరణ్యములను యూపముల నడుమ నిలిపి, పర్యగ్నికరణము కాగానే అడవికి విడిచివేయుదురు. యజ్ఞమునకై తెచ్చిన దానిని సైతము విడువవలసినదే యను ఈ విధిలో ఒక యధికారభేదము కనబడుచున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై నేటికిని చదువదగిన అశోకుని రెండవ శాసనము మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పాటు చేసితినని చెప్పుచున్నది. ఆ రాజే తన స్తంభశాసనమున, పట్టము కట్టుకొన్న 26 ఏండ్లకు, అనేక వన్యప్రాణులకు అభయమిచ్చి, నిష్కారణముగా అడవులు కాల్పరాదని ఆజ్ఞాపించెను. చికిత్స యొకచోట, అభయ మొకచోట. రెండును దయయే.

కంచె వేసి లేడిని లోపల నుంచినవాడు దానికి క్రొత్త నేల వెదకుకొను స్వాతంత్ర్యమును తీసివేసెను. కావున నట్టల మందు అతడు ఋణముగా పెట్టవలెను; పేడ పరీక్ష చేయించి, తూకము ప్రకారము, మందను నేలకు మించనీయక పెట్టవలెను. ఉద్యానములలో, ఆశ్రమములలో జింకలను ఉంచువారు దీనిని పుణ్యకార్యముగా చెప్పుకొనుట తగదు. కట్టివేసినవాని కనీసపు బాధ్యత ఇది. అడవి అంచున మేయు ఆవులు, గొఱ్ఱెలు తమ నట్టలను దుప్పుల గడ్డిపై వదలుచున్నవి. వానికి ఊరిలోనే సకాలమున మందు పోయించుట అడవి దుప్పికి చేయదగిన నిజమైన వైద్యము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో పశుసంవర్ధక శాఖవారు గొఱ్ఱెలకు మూకుమ్మడిగా నట్టల మందు త్రాగించుచున్నారు; కాపరులు దానిని తమ మందకే మేలని తలంతురు, గట్టు దాటి మేయు చుక్కల దుప్పికిని అది మేలే.

ఇంత చెప్పినను ఒక ముల్లు మిగులును. బాటప్రక్కన వెండ్రుకలు రాలి, దవడ క్రింద నీరు దిగి, లేవలేక పడియున్న దుప్పి కనబడినప్పుడు ఈ విచారమంతయు చల్లని మాటలుగా తోచును. భరతుని చేతులు అప్పుడు ముందునకు సాగినవే, సాగవలసినవే. అటవీశాఖ వైద్యునికి కబురు పెట్టవచ్చును. గాయమైనచో, వల చిక్కినచో, మనుష్యుడు చేసిన కీడైనచో తప్పక పెట్టవలెను. ముసలితనముచేతనో చలిచేతనో కూలిన దానికి చేయగలది కొంచెమే. అచట చూచి బాధపడుట తప్ప దారి లేని క్షణములు ఉండును. ఆ బాధ దయకు లోపము కాదు. దానిని తప్పించుకొనుటకై తొట్టి పెట్టుట తన మనస్సునకు వైద్యము, దుప్పికి కాదు.

వనపర్వమున ధర్మరాజు కల ఇట్టి సందర్భమున తలచుకొనదగినది. పాండవులు ద్వైతవనమున చిరకాలము వేటాడి బ్రతికిరి. ఒకనాటి రాత్రి మృగములు కలలో కనబడి, కన్నీటితో వణకుచు నిలిచెను. తాము ద్వైతవనమున చావగా మిగిలినవారమనియు, విత్తనమునకు మాత్రమే కొలదిమందిమి ఉన్నామనియు, రాజు నివాసము మార్చినచో మరల వృద్ధి పొందుదుమనియు విన్నవించుకొనెను. అవి మేత అడుగలేదు, కాపలా అడుగలేదు. ధర్మరాజు అట్లే యగునని మాట ఇచ్చెను. తెల్లవారగానే తమ్ములను పిలిచి కల చెప్పెను. వారు మాఱు పలుకలేదు. బ్రాహ్మణులను, పరివారమును వెంటబెట్టుకొని తృణబిందు సరస్సు చెంతనున్న కామ్యకవనమునకు నడచిరి.